మతి తప్పిందని తేల్చేదెవరు?

అమెరికా హక్కుల కథ – 14వ భాగం

గత వారం 1934 నాటి తొలి ప్రధాన ఫెడరల్ తుపాకీ చట్టం దగ్గర ఆగాం. మెషీన్‌గన్నులు, పొట్టి గొట్టాల తుపాకులు గ్యాంగ్‌స్టర్ల చేతికి సులువుగా చిక్కకుండా చూడటం దాని ఉద్దేశం. అక్కడ గొడవంతా ఆయుధం గురించే. ఆయుధం పట్టిన మనిషి మనసు ఎలా ఉందని అడగాల్సి వచ్చేసరికి అంతకంటే పాత తగాదా ఒకటి అడ్డొచ్చింది. ఫలానా మనిషికి మతి తప్పిందని తేల్చేదెవరు? ఏ ఆధారంతో? ఎంతకాలానికి? తేల్చింది తప్పైతే ఆ మనిషి తిరిగి వచ్చే దారేది? ఈ నాలుగు ప్రశ్నలూ తుపాకీ గురించి కాదు, తాళంచెవి గురించి పుట్టాయి. అందుకే ఈ వారం కథ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

భర్త చెబితే చాలు

ఇలినాయ్ రాష్ట్రంలోని మాంటినో అనే ఊళ్ళో థియోఫిలస్ ప్యాకర్డ్ అనే చర్చి బోధకుడు ఉండేవాడు. భార్య ఎలిజబెత్ ఆరుగురు పిల్లల తల్లి. భర్త బోధించే కాల్విన్ సిద్ధాంతాలు ఆమెకు రుచించలేదు. రుచించలేదని నలుగురిలో అనేసింది కూడా. 1860 జూన్‌లో ఆయన ఆమెను తీసుకెళ్ళి జాక్సన్‌విల్‌లోని రాష్ట్ర పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. మిగతావాళ్ళ విషయంలో అడిగే రుజువులేవీ భార్యల విషయంలో అక్కర్లేదనీ, భర్త కోరితే, ఆసుపత్రి అధికారి సరేనంటే చాలనీ 1851 నాటి రాష్ట్ర చట్టం చెప్పింది.

మూడేళ్ళ తరవాత ఆమె బయటికి వచ్చింది. భర్త ఈసారి ఇంట్లోనే గదిలో పెట్టి కిటికీలకు మేకులు కొట్టాడు. ఇరుగుపొరుగు కోర్టుకెళ్ళారు. 1864 జనవరిలో కాంకకీలో విచారణ జరిగింది. ఆమెకు మతి స్థిమితంగానే ఉందని తేల్చడానికి జ్యూరీకి ఏడు నిమిషాలు పట్టింది. ఎలిజబెత్ అంతటితో ఊరుకోలేదు. పుస్తకాలు రాసింది, శాసనసభల చుట్టూ తిరిగింది. 1867లో ఇలినాయ్ ‘వ్యక్తి స్వేచ్ఛ రక్షణ’ పేరుతో చట్టం చేసి, జ్యూరీ విచారణ లేకుండా ఎవరినీ పిచ్చాసుపత్రిలో పెట్టకూడదంది.

మన కథకు ఇది పునాదిరాయి. వైద్యం చేస్తున్నామంటూ మనిషిని బంధించవచ్చు, కుటుంబమే ఆ పని చేయించవచ్చు అనే భయం అమెరికా న్యాయవ్యవస్థ మనసులో అప్పుడే నాటుకుంది. నూట యాభై ఏళ్ళ తరవాత తుపాకీ తగాదాల్లో ‘భార్య ఫిర్యాదు చేస్తే చాలా?’ అని న్యాయవాదులు నిలదీస్తున్నప్పుడు, తెలిసో తెలియకో వాళ్ళు ప్యాకర్డ్ ప్రశ్ననే తిరగేసి అడుగుతున్నారు.

పదిహేనేళ్ళకు విడుదల

1955 నాటికి రాష్ట్రాల మానసిక వైద్యశాలల్లో దాదాపు 5 లక్షల 59 వేల మంది ఉన్నారు. వాళ్ళలో ఎందరికి నిజంగా జబ్బుందో, ఎందరిని ఇంటివాళ్ళు వదిలించుకున్నారో అడిగే నాథుడు లేడు. 1957 జనవరిలో ఆ లక్షల్లోకి 48 ఏళ్ళ కెన్నెత్ డొనాల్డ్‌సన్ చేరాడు. తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని ఆయనకు అనుమానం. కన్నతండ్రే అర్జీ పెట్టాడు. జడ్జి ఆయన్ని ఫ్లోరిడాలోని చట్టహూచీ ఆసుపత్రికి పంపాడు.

ఆయన ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మతవిశ్వాసం వల్ల మందులు వద్దన్నాడు, చికిత్స పేరుతో అక్కడ జరిగిందీ దాదాపు ఏమీ లేదు. మినియాపొలిస్‌లోని ఒక ఆశ్రయ సంస్థ ఆయన్ని చూసుకుంటానంది. కాలేజీ రోజుల స్నేహితుడు తీసుకెళ్తానని నాలుగుసార్లు అడిగాడు. ఆసుపత్రి పెద్ద డాక్టర్ ఓకానర్ ఒప్పుకోలేదు. డొనాల్డ్‌సన్ 1971లో విడుదలయ్యాడు. త్వరలోనే హోటల్లో గుమాస్తా ఉద్యోగం చూసుకుని తన బతుకు తాను బతికాడు. బయట బతకలేడని పదిహేనేళ్ళు చెప్పినవాళ్ళకు అంతకంటే జవాబు లేదు.

1975 జూన్ 26న ఆయన కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఎవరికీ ప్రమాదం కాని మనిషిని, తనంతట తానో కావలసినవాళ్ళ ఆసరాతోనో బయట క్షేమంగా బతకగల మనిషిని, జబ్బుందన్న ఒక్క కారణంతో బంధించి ఉంచే అధికారం ప్రభుత్వానికి లేదని తేల్చింది. జబ్బు వేరు, ప్రమాదం వేరు అన్న గీత రాజ్యాంగంలో చేరింది ఆ రోజే. 1979లో ఆడింగ్టన్ కేసులో మరో మెట్టు ఎక్కింది. నిర్బంధ చికిత్సకు ‘ఇదే నిజమై ఉండవచ్చు’ అన్న స్థాయి రుజువు చాలదనీ, స్పష్టమైన, నమ్మదగిన ఆధారం కావాలనీ చెప్పింది. అప్పటికే కాలిఫోర్నియాలో గవర్నర్ రీగన్ 1967లో సంతకం చేసిన చట్టం అమల్లో ఉంది. తనకో ఇతరులకో ప్రమాదం ఉంటే 72 గంటలు ఆపి పరీక్షించవచ్చు, ఆపైన ప్రతి మెట్టుకూ కారణం చూపాలి. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

తాళంచెవి విషయంలో నాలుగు ప్రశ్నలకూ అలా జవాబులు దొరికాయి. తేల్చేది జడ్జి. ఆధారం గట్టిగా ఉండాలి. గడువు పెట్టాలి. మధ్యమధ్య మళ్ళీ విచారించాలి. అవే జవాబులు తుపాకీకి మాత్రం అందలేదు.

ఒక జాబితా, జీవితకాలం

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌నూ, జూన్‌లో రాబర్ట్ కెనడీనీ కాల్చి చంపారు. అక్టోబర్ 22న అధ్యక్షుడు జాన్సన్ తుపాకీ నియంత్రణ చట్టం మీద సంతకం పెట్టాడు. తుపాకులకు రిజిస్ట్రేషన్ కావాలన్న తన కోరిక అందులో లేదని ఆయనే విచారించాడు. చట్టంలో మిగిలింది జాబితా. నేరస్తులు, పరారీలో ఉన్నవాళ్ళు, మత్తుమందుల బానిసలు, వాళ్ళతో పాటు మరో రెండు రకాలవాళ్ళు: మానసిక లోపం ఉందని అధికారికంగా నిర్ణయమైనవాళ్ళు, నిర్బంధంగా మానసిక వైద్యశాలలో చేరినవాళ్ళు.

ఈ జాబితా వాలకం గమనించండి. ప్రస్తుతం మనిషి ఎలా ఉన్నాడని అది అడగదు, ఒకప్పుడు అతని మీద ఏ కాగితం పుట్టిందని అడుగుతుంది. ఇష్టపూర్వకంగా ఆసుపత్రిలో చేరినవాడు అందులోకి రాడు. రెండు రోజులు పరిశీలనకు ఉంచి పంపేసినవాడూ రాడు. ఏడాదిగా చంపుతానని అరుస్తూ డాక్టర్ ముఖం చూడనివాడైతే అసలే రాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఒక్కసారి కోర్టు ఆదేశం మీద చేరి, కోలుకుని, ముసలివాడైనవాడు మాత్రం చనిపోయేదాకా అందులోనే ఉంటాడు. పేరు తీయించుకోవడానికి అర్జీ పెట్టుకునే వీలు 1986లో వాళ్ళకూ కల్పించారు. 1992 నుంచి కాంగ్రెస్ ఏటేటా బడ్జెట్‌లో ఆ అర్జీలు చూసే పనికి డబ్బు ఆపేసింది. తలుపు ఉంది, తీసే మనిషికి జీతం లేదు.

అంతకంటే వింత, ఆ జాబితాను ఎవరూ చూసేవారు కాదు. కొనేవాడే ఫారం మీద ‘నాకు అలాంటిదేమీ లేదు’ అని రాసి సంతకం పెడితే సరిపోయేది. 1981 మార్చి 30న జాన్ హింక్లీ అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపాడు. ఆ తూటాల్లో ఒకటి పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ తలలో దిగి, ఆయన్ని జీవితాంతం చక్రాల కుర్చీకి కట్టేసింది. ఆయనా భార్య శారా ఏళ్ళ తరబడి పోరాడిన మీదట 1993 నవంబర్ 30న బ్రేడీ చట్టం వచ్చింది. తుపాకీ అమ్మే ముందు కొనేవాడి వివరాలు సరిచూడాలన్నది దాని సారం. ఇక్కడ చేదు నిజం ఒకటుంది. హింక్లీ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తున్నవాడే గానీ నిర్బంధ చికిత్స పొందినవాడు కాదు. ఆ చట్టం 1980లోనే ఉన్నా, మానసిక కారణంతో అతణ్ణి ఆపగలిగే కాగితమేదీ లేదు.

సరిచూసే పని స్థానిక షెరీఫులకు అప్పగిస్తే మోంటానా, అరిజోనాల నుంచి ఇద్దరు షెరీఫులు కోర్టుకెక్కారు. 1997లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో వాళ్ళ పక్షం వహించింది. రాష్ట్రాల ఉద్యోగులతో కేంద్రం తన పని బలవంతంగా చేయించుకోకూడదంది. 1998లో ఎఫ్‌బీఐ కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది గానీ, ఆ తీర్పు నీడలో, మానసిక వైద్య రికార్డులు పంపాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే మిగిలింది. చాలా రాష్ట్రాలు రోగుల గోప్యత పేరు చెప్పి పంపలేదు. మిగిలినవి పంపడానికి బద్ధకించాయి.

బ్లాక్స్‌బర్గ్‌లో తెగిన గొలుసు

2005 డిసెంబర్‌లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం విద్యార్థి సంగ్-హుయ్ చో తాను చచ్చిపోతానేమో అన్నట్టు సహవాసికి మెసేజ్ పెట్టాడు. పోలీసులు తీసుకెళ్ళారు, ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. మర్నాడు ప్రత్యేక న్యాయాధికారి అతని వల్ల అతనికే ప్రమాదం ఉందని నమోదు చేసి, ఇంటి నుంచి వచ్చిపోతూ చికిత్స తీసుకోమని ఆదేశించాడు. విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రానికి ఒక్కసారి వెళ్ళాడు. తరవాత ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆ ఆదేశంతో చోకు తుపాకీ కొనే అర్హత పోయింది. వర్జీనియా మాత్రం ఆసుపత్రిలో చేర్చినవాళ్ళ పేర్లే పంపేది, వచ్చిపోయే చికిత్స వాళ్ళవి పంపేది కాదు. 2007 ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, చో రెండు పిస్తోళ్ళు దుకాణంలో తనిఖీ పూర్తి చేయించుకుని మరీ కొన్నాడు. ఏప్రిల్ 16న 32 మందిని చంపి తానూ కాల్చుకున్నాడు. మృతుల్లో తమిళనాడు నుంచి వెళ్ళి నీటివనరుల ఇంజినీరింగ్ బోధిస్తున్న ఆచార్యుడు, ముంబై నుంచి చదువుకోవడానికి వెళ్ళిన విద్యార్థిని ఉన్నారు.

గవర్నర్ టిమ్ కేన్ రెండు వారాల్లో ఆ కంత పూడ్చాడు. 2008 జనవరి 8న అధ్యక్షుడు బుష్, రికార్డులు పంపే రాష్ట్రాలకు డబ్బిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టానికి తుపాకీ యజమానుల సంఘం ఎన్‌ఆర్‌ఏ కూడా మద్దతిచ్చింది. ఊరికే ఇవ్వలేదు. కోలుకున్నవాళ్ళకు హక్కు తిరిగి ఇప్పించే ఏర్పాటు చేసిన రాష్ట్రాలకే ఆ డబ్బు అనే షరతు పెట్టించుకుంది. మన నాలుగో ప్రశ్న అలా, తుపాకీ సంఘం పుణ్యమా అని, చట్టంలోకి వచ్చింది.

అదే ఏడాది జూన్ 26న, డొనాల్డ్‌సన్ తీర్పుకు సరిగ్గా 33 ఏళ్ళకు, హెల్లర్ తీర్పు వచ్చింది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం పౌరసేనతో సంబంధం లేని వ్యక్తిగత హక్కని సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, నేరస్తులకూ మానసిక రోగులకూ ఎప్పటినుంచో ఉన్న నిషేధాలను ఇది కదపదని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యానికి వివరణ ఇవ్వలేదు. ఎవరు మానసిక రోగి, ఎన్నాళ్ళు అన్నది కింది కోర్టుల నెత్తిన పడింది.

మిషిగన్‌కు చెందిన క్లిఫర్డ్ టైలర్ అదే అడిగాడు. 1985లో భార్య విడిచి వెళ్ళినప్పుడు ఆయన కుంగిపోయాడు, కూతుళ్ళు భయపడ్డారు, కోర్టు ఆదేశంతో నెల లోపు ఆసుపత్రిలో ఉన్నాడు. తరవాత పాతికేళ్ళు ఏ గొడవా లేదు. 2011లో తుపాకీ కొనబోతే కుదరదన్నారు. మిషిగన్‌లో అప్పటికి హక్కు తిరిగి ఇచ్చే ఏర్పాటే లేదు. 2016లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఎప్పుడో జరిగిన చికిత్స ఒక్కటే జీవితకాల నిషేధానికి ఎలా చాలుతుందో ప్రభుత్వం చూపించాలంది. 2020లో తొమ్మిదో సర్క్యూట్ అలాంటి కేసులోనే ప్రభుత్వాన్ని సమర్థించింది. అక్కడి అర్జీదారు పదిహేడేళ్ళ వయసులో నిర్బంధ చికిత్స పొంది, కోలుకుని, ఎమ్మెస్ దాకా చదివినవాడు. రాష్ట్ర కోర్టు అతనికి హక్కు తిరిగి ఇచ్చినా ఫెడరల్ నిషేధం తొలగలేదు. రాజ్యాంగం ఒకటే, అప్పీలు కోర్టును బట్టి అర్థం మారింది.

ఉప్పూ నిప్పూ ఒక పక్షం

ఈ తగాదాలో శిబిరాలు అనుకున్నట్టు నిలవవు. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్ళూ ఆరుగురు పెద్దలూ చనిపోయాక, ఒబామా ప్రభుత్వం జాబితాను పెంచే దారులు వెతికింది. 2016 డిసెంబర్‌లో సోషల్ సెక్యూరిటీ శాఖ ఒక నిబంధన తెచ్చింది. మానసిక కారణంతో వైకల్య పింఛను పొందుతూ, ఆ డబ్బు చూసుకోవడానికి మరొకరి మీద ఆధారపడేవాళ్ళ పేర్లు తుపాకీ జాబితాకు పంపాలి. ఏటా 75 వేల మంది ఉంటారని అంచనా.

ఎన్‌ఆర్‌ఏ వ్యతిరేకించడంలో వింత లేదు. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ, వికలాంగుల హక్కుల బృందాలూ అదే పక్షాన నిలిచాయి. బ్యాంకు లెక్కలు చూసుకోలేనివాడు మనిషిని చంపుతాడని ఎవరన్నారు? జడ్జి లేడు, విచారణ లేదు, గుమాస్తా నింపిన ఫారంతో రాజ్యాంగ హక్కు పోతుందా? వాళ్ళ వాదన ఇదీ. 2017 ఫిబ్రవరి 28న కాంగ్రెస్ తీర్మానం మీద ట్రంప్ సంతకం చేసి ఆ నిబంధనను రద్దు చేశాడు. బయట ప్రచారం ‘పిచ్చివాళ్ళకు తుపాకులిచ్చారు’ అనే జరిగింది.

ఫ్లోరిడాలో తుపాకీ హక్కు మరో హక్కు మీదే పడింది. ఇంట్లో తుపాకీ ఉందా అని పిల్లల డాక్టర్లు అడగడం కొందరు తల్లిదండ్రులకు నచ్చలేదు. 2011లో శాసనసభ, వైద్యానికి సంబంధం లేకుండా డాక్టర్లు ఆ ప్రశ్న అడగకూడదనీ, అడిగితే లైసెన్సుకే ముప్పనీ చట్టం చేసింది. డాక్టర్లు వాక్‌స్వాతంత్ర్యం అన్నారు. 2017లో అప్పీలు కోర్టు చట్టంలో ముఖ్యభాగాలను కొట్టేసింది. ఆత్మహత్య ఆలోచనలు ఉన్న రోగిని డాక్టర్ అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో అదొకటి మరి.

ఎందుకంటే ఆ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2023లో తుపాకీ వల్ల 46,728 మంది పోతే, వాళ్ళలో 27 వేలకు పైగా తమను తామే కాల్చుకున్నారు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ స్వాన్సన్ ఈ రంగంలో పేరున్న పరిశోధకుడు. తీవ్ర మానసిక జబ్బుల వల్ల వచ్చే అదనపు హింసనంతా ఒక్క మంత్రంతో మాయం చేసినా సమాజంలో హింస సుమారు 4 శాతమే తగ్గుతుందన్నది ఆయన చెప్పే లెక్క. జబ్బును చూసి హంతకుణ్ణి పసిగట్టాలనుకునేవాళ్ళు తప్పు చోట వెతుకుతున్నారు. జబ్బు పేరుతో ఎక్కువగా పోతున్నది ఆ మనిషి ప్రాణమే.

మూడో దారి

1998 మార్చిలో కనెక్టికట్ లాటరీ కార్యాలయంలో ఒక ఉద్యోగి నలుగురు పై అధికారులను కాల్చి చంపాడు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం కొత్త పద్ధతి తెచ్చింది. ఒక మనిషి తనకో ఇతరులకో తక్షణ ప్రమాదమని నమ్మే కారణాలు ఉంటే పోలీసులు జడ్జికి ప్రమాణపత్రం ఇస్తారు. జడ్జి వారెంటు ఇస్తే తుపాకులు తీసుకెళ్తారు. పద్నాలుగు రోజుల్లో విచారణ జరగాలి. ఉంచుకోవాలన్నా ఏడాదికి మించకూడదన్నది తొలి నియమం. ఇండియానా 2005లో అదే బాట పట్టింది. ఇండియానాపొలిస్‌లో ఒక స్కిజోఫ్రీనియా రోగి దగ్గర పోలీసులు తుపాకులు పట్టుకుని, ఉంచుకునే చట్టం లేక కొన్ని వారాలకు తిరిగిచ్చారు. 2004 ఆగస్టులో అతను తల్లినీ, జేక్ లెయిర్డ్ అనే పోలీసునూ చంపాడు. అక్కడి చట్టాన్ని ఇప్పటికీ లెయిర్డ్ పేరుతోనే పిలుస్తారు.

తరవాత రెడ్ ఫ్లాగ్ అని పేరుబడ్డ ఈ పద్ధతి పాత జాబితాకు పూర్తిగా తిరుగుదిశ. జబ్బు పేరు అడగదు, ఈ వారం ఏం చేశాడు, ఏమన్నాడు అని అడుగుతుంది. తాళంచెవి విషయంలో 1970లలో దొరికిన జవాబులే ఇక్కడికి వచ్చాయి: జడ్జి, ఆధారం, గడువు, మళ్ళీ విచారణ. మనిషిని ఆసుపత్రిలో పెట్టనక్కర్లేదు, జీవితాంతం ముద్ర వేయనక్కర్లేదు. స్వాన్సన్ బృందం కనెక్టికట్‌లో 1999 నుంచి 2013 దాకా వచ్చిన 762 కేసులు పరిశీలించింది. ఎక్కువ భాగం ఆత్మహత్య భయంతో మొదలైనవే. ప్రతి పది ఇరవై జప్తులకు ఒక ప్రాణం దక్కిందని వాళ్ళ అంచనా. 2018 ఫిబ్రవరిలో పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోయాక రిపబ్లికన్ల చేతిలోని ఫ్లోరిడా కూడా మూడు వారాల్లో చట్టం చేసింది. 2023 నాటికి 21 రాష్ట్రాల్లో ఇది ఉంది.

అభ్యంతరాలు గాలిలోంచి పుట్టినవి కావు. తొలి ఆదేశం ఎదుటివాడి మాట వినకుండానే వెలువడుతుంది. అతనికి ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే పద్ధతి చాలా చోట్ల లేదు. 2018 నవంబర్‌లో, చట్టం అమల్లోకి వచ్చి నెల దాటిందో లేదో, మేరీల్యాండ్‌లో ఆదేశం అందించడానికి పోలీసులు తెల్లవారుజామున ఒకరి తలుపు తట్టారు. అతను తుపాకీ పట్టుకునే తలుపు తీశాడు. పెనుగులాటలో పోలీసుల తూటాకు చనిపోయాడు. ప్రాణం కాపాడాలని వెళ్ళిన కాగితం ప్రాణం తీసింది. 2020లో ఓక్లహోమా అసలు అలాంటి చట్టాలు తన గడ్డ మీద చెల్లవని శాసనం చేసింది.

గుమ్మం దాటితే

కాగితమే లేకుండా పోలీసులు తుపాకీ తీసుకెళ్తే? 2015 ఆగస్టులో రోడ్ ఐలండ్‌లోని క్రాన్‌స్టన్‌లో ఎడ్వర్డ్ కనీలియా భార్యతో గొడవపడి, పిస్తోలు తెచ్చి బల్ల మీద పెట్టి, కాల్చేసి నా పీడ వదిలించుకో అన్నాడు. ఆమె ఆ రాత్రి హోటల్లో గడిపింది. మర్నాడు ఫోనెత్తకపోతే పోలీసులను పిలిచింది. ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను గానీ తుపాకులు ముట్టుకోవద్దని ఆయన షరతు పెట్టాడు. సరేనన్నారు. అంబులెన్స్ కదలగానే లోపలికెళ్ళి రెండు పిస్తోళ్ళు తీసుకెళ్ళారు. ఆసుపత్రి ఆయన్ని అదే రోజు ఇంటికి పంపేసింది.

కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఇక్కడ అసలు ప్రశ్న తుపాకీ హక్కు చెప్పే రెండో సవరణ కాదు, ఇంటి సోదాకు వారెంటు కావాలనే నాలుగో సవరణ. రోడ్డు మీద పాడైన కార్ల విషయంలో పోలీసులకు ఉన్న ‘ప్రజల బాగోగులు చూసే’ వెసులుబాటు ఇంటికీ వర్తిస్తుందని కింది కోర్టు అంది. 2021 మే 17న తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా కాదన్నారు. అంత చీలిన న్యాయస్థానం ఇంత వివాదంలో ఒక్క మాట మీద నిలబడటం అరుదు. అయితే లోపల మనిషి కొనఊపిరితో ఉంటే లోపలికి వెళ్ళడానికి వారెంటు కోసం ఆగాలా అని కొందరు జడ్జీలు విడిగా రాశారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన గుమ్మం దాటే హక్కు రాదన్నది తీర్పు. మంచి ఉద్దేశానికి జడ్జి సంతకం తోడు చేసుకోమన్నది దాని భావం.

తిలాపాపం తలా పిడికెడు

చట్టం ఉంటే చాలదని మెయిన్ రాష్ట్రం చూపించింది. వేటగాళ్ళ రాష్ట్రమది. 2019లో అక్కడ రెడ్ ఫ్లాగ్ బదులు ‘యెల్లో ఫ్లాగ్’ అని మధ్యేమార్గం కుదుర్చుకున్నారు. పోలీసులు ముందు మనిషిని అదుపులోకి తీసుకోవాలి, వైద్యులు పరీక్షించాలి, ఆ తరవాతే జడ్జి. స్వేచ్ఛకు ఒకటికి రెండు కాపలాలు. ఆర్మీ రిజర్వ్ సైనికుడు రాబర్ట్ కార్డ్ తన గురించి అందరూ చెడుగా చెప్పుకుంటున్నారని భ్రమపడుతున్నాడని కుటుంబం 2023 మేలోనే షెరీఫ్ కార్యాలయానికి చెప్పింది. జూలైలో న్యూయార్క్‌లో మానసిక వైద్యశాలలో చేరాడు. సెప్టెంబర్‌లో తోటి సైనికుడు, ఇతను జనాన్ని కాల్చేస్తాడేమో అని పై అధికారికి రాశాడు. డిప్యూటీ ఇంటికి వెళ్ళాడు, లోపల అలికిడి ఉన్నా తలుపు తెరుచుకోలేదు, వెనక్కి వచ్చాడు. అక్టోబర్ 25న లూయిస్టన్‌లో 18 మంది చనిపోయారు.

అతణ్ణి అదుపులోకి తీసుకోవడానికి షెరీఫ్ కార్యాలయం దగ్గర సరిపడా కారణం ఉందని రాష్ట్ర కమిషన్ తేల్చింది. సైన్యం షెరీఫ్ చూసుకుంటాడనుకుంది, షెరీఫ్ కుటుంబం చూసుకుంటుందనుకున్నాడు. 2025 నవంబర్‌లో మెయిన్ ఓటర్లు, కుటుంబమే నేరుగా జడ్జి దగ్గరికి వెళ్ళగలిగే రెడ్ ఫ్లాగ్ చట్టానికి ఓటేశారు.

తెలుగు ఇళ్ళకు ఈ చరిత్ర దూరపుది కాదు. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ ప్రాంతం నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజినీరు ఉంది. కాల్చినవాణ్ణి 2008లో సైన్యం శిక్షణ పూర్తికాకముందే, మూడు నెలలకే, మానసిక ఆరోగ్యం మీద అనుమానంతో పంపేసింది. ఆ పంపేయడం పాలనాపరమైనది, కోర్టు నిర్ణయం కాదు. కాబట్టి 1968 జాబితాకు అది కనిపించదు. టెక్సాస్‌లో రెడ్ ఫ్లాగ్ చట్టం లేదు.

ఇంత చరిత్ర చూశాక, స్వేచ్ఛ ఎక్కువైనందుకే ఈ చావులన్నీ అనడం కుదరదు. చో విషయంలో జడ్జి నిర్ణయం ఉంది, అది కంప్యూటర్ దాకా చేరలేదు. కార్డ్ విషయంలో చట్టం ఉంది, వాడినవాడు లేడు. జాబితాను పెంచుతూ పోతే భద్రత వస్తుందనడానికీ ఆధారం తక్కువ. ఆ జాబితా పాతికేళ్ళు ప్రశాంతంగా బతికిన టైలర్‌ను పట్టుకుని, తుపాకీ గుళ్ళు లెక్కపెట్టుకుంటున్న మరొకణ్ణి వదిలేసింది. పైగా ఆసుపత్రికి వెళ్తే పేరు ఎక్కడో ఎక్కుతుందన్న భయం మనిషిని డాక్టర్‌కే దూరం చేస్తుంది. పనికొచ్చినదల్లా మనిషికి కాక సమయానికి గురిపెట్టిన చట్టం: ఇప్పుడు ప్రమాదం ఉందా, ఎవరు రుజువు చేశారు, ఎప్పుడు మళ్ళీ చూస్తారు అని అడిగేది. హక్కు తిరిగి ఇచ్చే దారి పెట్టిన చట్టానికే హక్కు తాత్కాలికంగా తీసుకునే నైతిక బలం ఉంటుంది. అమెరికా ఈ పాఠం తాళంచెవి దగ్గర 1975లో నేర్చుకుని, తుపాకీ దగ్గర పాతికేళ్ళు ఆలస్యంగా, అదీ సగం కంటే తక్కువ రాష్ట్రాల్లో, అమలుచేస్తోంది.

ఆ కాస్తా నిలుస్తుందా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు, ఏ తుపాకీ చట్టమైనా దేశపు చారిత్రక సంప్రదాయానికి సరిపోవాలంది. రెండో సవరణ రాజ్యాంగంలో చేరిన 1791లో రెడ్ ఫ్లాగ్ ఎక్కడిది? ఆనాడు మతి తప్పినవాణ్ణి బంధించే ఆచారం ఉంది గానీ, బయట తిరగనిచ్చి తుపాకీ ఒక్కటే తీసుకునే చట్టం లేదు. చరిత్రకారులు సాక్షులుగా కోర్టు బోనెక్కిన ఆ వింత కాలం, ప్రియురాలిని బెదిరించిన రహీమీ అనే టెక్సాస్ వాసి కేసులో 2024లో 8–1తో వెలువడిన తీర్పు వచ్చే వారం.